చిన్నామె వరస

ఎడమచేత్తో బంతినారు ఆకుల్ని పక్కకు ఒత్తి, కుడిచేత్తో నీళ్ళ డబ్బా వంచి, మొక్క మొదలు దగ్గర మట్టి నల్లబడేదాకా ఆగి, అప్పుడు పక్క మొక్కకు జరిగింది పెద్దామె. నర్సరీలో ఆకుపచ్చ నెట్టు కింద ఇంకా వెలుతురు సరిగ్గా రాలేదు. అయినా ఏ మొక్క ఎక్కడుందో ఆమె వెతుక్కోనక్కర్లేదు. ఒకచోట ఆగి ఆకు మీది దుమ్ము వేలితో తుడిచింది. ఇంకోచోట పసుపు తిరిగిన ఆకు గిల్లింది. అది ఆమె సొంత వరస. అక్కడి మొక్కలకు దాహమంటే ఏమిటో తెలియదు. జానెడు పైన పెరిగి, ముదురు పచ్చగా నిగనిగలాడుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడి ఉన్నాయి.

వరస చివర పెద్ద డబ్బా దించి, మేకుకు వేలాడుతున్న రెండో డబ్బా అందుకుంది. అది పాత రేకు డబ్బా, మూతికి జల్లెడలా చిల్లులు. పిడికి గుడ్డపేలిక చుట్టి ఉంది. తొట్లో ముంచి నింపి, ఎదుటి వరస మీద నడుస్తూ నడుస్తూనే పోసింది. ఆగలేదు, వంగలేదు, మట్టి నల్లబడిందో లేదో చూడలేదు. ఆ వరస ఎన్ని అంగల్లో అయిపోవాలో కాళ్ళకే తెలుసు. అక్కడి మొక్కలు పొట్టిగా, బిరుసుగా, కాడలు కాస్త ఎర్రబారి ఉన్నాయి. ఆకులు చిన్నవి. చూసిన వాళ్ళెవరైనా వీటికి సవతితల్లి ఉందనుకుంటారు.

సవతితల్లి కాదు, తోడికోడలు. ఆ రెండో వరస చిన్నామెది.

చిన్నామె అంటే పెద్దామె మరిది భార్య. ఇద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురం చేస్తారు, ఒకే నర్సరీలో పనిచేస్తారు. ఓనరు మొదట్లోనే చెప్పేశాడు. "ఈ వరస నీది, ఆ వరస ఆమెది. ఎవరి విత్తనాలు వాళ్ళే వేసుకోండి, ఎవరి మొక్కలు వాళ్ళే అమ్మండి. ఎవరివి బతికాయో ఊరే చెబుతుంది." ఓనరుకి మొక్కల కన్నా కుండీల సంగతి బాగా తెలుసు. నర్సరీ పెట్టకముందు సిమెంటు గొట్టాలు అమ్మేవాడు. పొద్దున్న గేటు దగ్గర అమ్మకం చిన్నామెది, మధ్యాహ్నం పెద్దామెది. ఒకరు గేటు దగ్గరున్నప్పుడు ఇంకొకరు నెట్టు కింద పనులు చూడాలి. తెల్లారే వచ్చేది పెద్దామె కాబట్టి రెండు వరసలకూ నీళ్ళు ఆమే పోస్తుంది. ఒంట్లో బాగున్నంతవరకూ ఆ పని ఇంకొకరికి వదిలింది లేదు.

ఆ ఊళ్ళో చలి పోయి వడగాలి వచ్చేలోపు దొరికే వసంతం ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లోనే జనానికి పూలు గుర్తొస్తాయి. బంతి, జినియా, బిళ్ళగన్నేరు, ఏదో ఒకటి కావాలని గేటు దగ్గరికొస్తారు. వచ్చి ముందుగా అడిగేది మొక్క పేరు కాదు. "చిన్నామె ఉందా?"

ఎందుకంటే చిన్నామెది మంచి హస్తవాసి. ఆమె చేత్తో ఇచ్చిన మొక్క రాతి మీద పెట్టినా బతుకుతుందని ప్రతీతి. పెద్దామె ఇచ్చినవి చూడ్డానికి పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి, పది రోజుల్లో తలవాల్చేస్తాయి. ఇరవై ఏళ్ళుగా ఇదే కథ.

పెద్దామె పొడుగైన మనిషి. వెడల్పాటి ఎముక. డబ్బా మోసీ మోసీ కుడిభుజం కిందికి జారి, నడిచేటప్పుడు ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. గోళ్ళలో మట్టి ఎంత తోమినా పోదు. ఇరవయ్యారేళ్ళు అదే నెట్టు కింద గడిపింది. మట్టి జల్లించడం, ఎరువు కలపడం, నారు ఊడదీసి కవర్లలో పెట్టడం, పురుగు కనిపిస్తే రెండు వేళ్ళ మధ్య నలపడం, అన్నీ ఆమెకే బాగా వచ్చు. చిన్నామెకు పని నేర్పింది కూడా ఆమే. నేర్పించినప్పుడు ఆ పిల్ల నోట్లో వేలు పెడితే కొరకలేదన్నట్టుండేది. వచ్చిన వారానికే ఎవరో ఎండిన గులాబి కొమ్మ తెచ్చి చేతికిస్తే ఊరికే మట్టిలో గుచ్చింది. అది చిగురించింది. అంతే, హస్తవాసి అన్న మాట పుట్టింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని అందరూ నవ్వారు. పెద్దామె కూడా నవ్వింది. నవ్వి ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

ఆ మర్నాడే కొవ్వొత్తి ముక్క ఒకటి కరిగించి, చిన్నామె వరసకు వాడే డబ్బా మూతికున్న చిల్లుల్లో సగానికి పైగా మూసేసింది. మొక్కల్ని చంపాలని కాదు. అంత పాపానికి ఆమె ఒడిగట్టలేదు. కాస్త నీరసంగా ఉంటే చాలనుకుంది. నాలుగు రోజులు చూసి తీసేద్దామనుకుంది. తీయలేదు. తర్వాత అది పళ్ళు తోముకోవడంలా రోజువారీ పనైపోయింది. డబ్బా ముంచడం, నడుస్తూ పోయడం, మేకుకు తగిలించడం. ఆ చిల్లుల మూతి వైపు మాత్రం సూటిగా ఎన్నడూ చూడలేదు. తప్పు చేసిన చోటు మీద ఎవరి చూపూ నిలవదు.

ఇవాళ చిన్నామెకు ఇక్కడ ఆఖరి రోజు.

బైపాస్ అవతల, రెండు గంటల దూరంలో, ఓనరు ఇంకో నర్సరీ పెట్టాడు. పోయినేడు ప్రహరీ కడుతున్నప్పుడే పెద్దామె ఒకసారి లారీలో ఎరువు వెంట వెళ్ళి చూసొచ్చింది. బోరు ఉంది. రెండు గదుల ఇల్లుంది. వంటగది కిటికీ తూర్పుకుంది. ఆ కిటికీ కింద ఏం వేయాలో కూడా ఆమె మనసులో అనుకుని పెట్టుకుంది. ఎవరితోనూ అనలేదు, మొగుడితో కూడా. ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్న మనిషిని వదిలి ఇంకెవరికిస్తాడులే అనుకుంది. పది రోజుల కిందట ఓనరు వచ్చి, గేటు దగ్గర నిలబడి, "కొత్త చోట ముందు మొక్క బతకాలమ్మా. చిన్నామె చెయ్యి పడాలి" అన్నాడు. పెద్దామె తలూపింది. ఆ తలూపిన మెడ ఇప్పటికీ నొప్పిగానే ఉంది.

ఈ ఉదయం మొగుడు పళ్ళు తోముకుంటూ, "మా మరదలు వెళ్ళిపోతే మన గుమ్మంలో గడ్డి కూడా మొలవదేమోనే" అని పరాచికాలాడాడు. ఆమె గిన్నె నేలకేసి కొట్టినంత పని చేసింది. కొట్టలేదు. కడిగి బోర్లించి వచ్చింది.

తొమ్మిదింటికి చిన్నామె గేటు తీసింది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, మాటకు ముందు నవ్వు. ఆఖరి రోజని తెలిసి జనం పొద్దున్నే వచ్చారు. పెద్దామె నెట్టు కింద మట్టి జల్లిస్తూ వింటోంది. "మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" "ఈ రెండూ నీ చేత్తోనే తీసియ్యి." "నువ్వు లేకపోతే మేం ప్లాస్టిక్ పూలు పెట్టుకోవాలి." ప్రతి మాటకూ జల్లెడ కాస్త గట్టిగా ఊగింది. రాళ్ళతో పాటు మంచి మట్టి కూడా బయటికి ఎగిరిపడింది.

పన్నెండింటికి గేటు పెద్దామె చేతికొచ్చింది. మొదటగా వచ్చింది రిటైరైన టీచరమ్మ. చేతిలో ఎండిన జినియా ఒకటి, వేళ్ళతో సహా.

"ఇది నీ దగ్గర కొన్నదే" అంది టీచరమ్మ. "రెండు పూటలా నీళ్ళు పోశాను. నాలుగో రోజుకి పడుకుంది."

"ఎండ ఎక్కువగా ఉందండి."

"ఎండ నీ మొక్కకేనా? పక్కనే చిన్నామె ఇచ్చినవి కూడా పెట్టాను. తెచ్చినప్పుడు ఉపవాసాలున్న వాళ్ళలా ఉన్నాయి. ఇప్పుడు చూడు, ఒక్కొక్కదానికీ ఆరేసి పూలు." ఆమె ఎండిన మొక్కను బల్ల మీద పెట్టింది. "నీ తప్పని కాదమ్మా. చెయ్యి అలాంటిది. దేవుడిచ్చేదానికి ఎవరేం చేస్తారు."

తిట్టినా బాగుండేది. ఓదార్చింది. పెద్దామె ఆ మొక్కను తీసి వేళ్ళు చూసింది. తెల్లటి మెత్తని వేళ్ళు, చుట్టలు చుట్టుకుని, కవరు ఆకారంలోనే ఉండిపోయాయి. బయటి మట్టిలోకి ఒక్కటీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఆమె ఆలోచించలేదు. ఆలోచించనక్కర్లేదు, జవాబు ఊరంతా ముందే చెప్పేసింది కదా. కుండీల వెనక్కి విసిరేసింది.

చిన్నామె అప్పుడు విత్తనాల గదిలో ఉంది. అది నర్సరీ మూలనున్న ఇరుకు గది. రేకుల కప్పు, ఒక కిటికీ, గోడ పొడుగునా అరలు. అరల నిండా విత్తనాల డబ్బాలు. చీమ దూరకుండా, చెమ్మ తగలకుండా మూతల చుట్టూ ఎర్ర లక్క కరిగించి పోసి, అది వేడిగా ఉండగానే బొటనవేలితో అదిమి మూస్తుంది చిన్నామె. ముద్ర వేసే బిళ్ళ ఉన్నా వాడదు. వేలు కాలదా అంటే అలవాటైపోయిందంటుంది. కవర్లు కోసే బ్లేడుకు తెగి ఆ వేలికి అడ్డంగా ఒక గీత పడి ఉంది. అరల్లోని ప్రతి డబ్బా మీదా ఆ గీత అచ్చుపడి ఉంటుంది. పెద్దామెకు ఆ గదిలోకి వెళ్ళడమే ఇష్టం లేదు. ఏ మూల చూసినా ఆ వేలే కనిపిస్తుంది. లక్క కడ్డీ కొన్న రోజున ఓనరు దాన్ని చిన్నామెకే ఇచ్చాడు, పెద్దామె పక్కనే ఉంది, ఆమె వైపు చూడనైనా చూడలేదు. ఇరవై ఏళ్ళ నాటి సంగతి, నిన్నటిదాన్లా ఉంది.

మూడింటికి ఓనరు ఫోను చేశాడు. "వ్యాను బయలుదేరింది. మూడొందల నారు ఎంచి పెట్టు. మంచివి చూసి పెట్టు."

మంచివి! పెద్దామె రెండు వరసల మధ్య నిలబడింది. ఒక పక్క నిగనిగలాడేవి, ఒక పక్క ఎండుకుపోయినవి. మంచివేవో గుడ్డివాడైనా చెబుతాడు. ఆమె తన వరస మీద గోనెపట్టా లాగి కప్పేసింది. తర్వాత వంగి, చిన్నామె వరసలోంచి ఒక్కొక్క ట్రే ఎత్తి గేటు దగ్గర పేర్చసాగింది. పొట్టివి, బిరుసువి, ఆకు ముడుచుకున్నవి ఏరి మరీ పెట్టింది. తీసుకుపో. కొత్త చోట నెట్టు లేదు, నీడ లేదు, ఉత్త ఎర్రమట్టి. అక్కడ ఓనరు కళ్ళముందే ఇవి వరసగా పడుకుంటే, అప్పుడు తెలుస్తుంది ఎవరి చెయ్యి ఎలాంటిదో. ఆ ఆలోచనకు ఆమెకు ఒంట్లో ఓపిక వచ్చింది. భుజం నొప్పి కూడా తెలియలేదు.

ఇరవయ్యో ట్రే పెడుతుంటే చిన్నామె వచ్చింది. చేతిలో బట్టల మూట; మిగతా సామానుతో మరిది నిన్ననే వెళ్ళాడు. ట్రేల వైపు చూసి, మూట దించి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మయ్య. నావే పెట్టావు."

"నీవి కాక ఎవరివి పెడతాను?" అంది పెద్దామె.

"ఏమోనక్కా. పొద్దుట్నుంచీ ఒకటే భయం. పోయే రోజు కదా, నీ మనసు కరిగి నీ వరసలోవి పెట్టేస్తావేమోనని."

పెద్దామె చేతిలో ట్రే చేతిలోనే ఉండిపోయింది. "పెడితే ఏం? నావి ఏపుగా ఉన్నాయి."

"ఏపుగానే ఉన్నాయి. నెట్టు దాటితే బతికేది మూడు రోజులే. దాహం తెలీని మొక్కలక్కా అవి, బయట ఎండ చూసేసరికి బెంబేలెత్తిపోతాయి. నావైతే పుట్టిన దగ్గర్నుంచీ పస్తులే. నీళ్ళ కోసం వేరు ఎంత లోతుకైనా పోతుంది. ఎక్కడ నాటినా, అక్కడికంటే ఇదే నయం అనుకుని బతికేస్తాయి."

"పస్తులేంటి? ఎవరు పెట్టారు పస్తులు?"

చిన్నామె ఈసారి మాటకు ముందు నవ్వలేదు. వంగి ఒక ట్రేలో ఒరిగిన మొక్కను నిలబెట్టింది. "ఆ డబ్బా సంగతి నాకు మొదటేడే తెలుసక్కా. నీకు జ్వరమొచ్చి రాని రోజు నేనే నీళ్ళు పోశాను. ఎంత వంచినా నీళ్ళు రావే! మూతి తిప్పి చూశాను. ఈ తొట్టి పక్కనే కూచుని పూటంతా ఏడ్చాను. మీ మరిదితో చెబుదామనుకున్నా. ఈలోపు నా మొక్కలు బతుకుతున్నాయి, నావే బతుకుతున్నాయి అని ఊళ్ళో వాళ్ళు రావడం మొదలెట్టారు. ఇక ఏడవడం మానేశాను."

"మరి చెప్పలేదేం? ఇరవై ఏళ్ళు!"

"చెబితే నీళ్ళు పోసేదానివిగా."

నెట్టు మీద గాలి కొట్టి చప్పుడైంది. చిన్నామే మళ్ళీ అంది, కాస్త మెల్లగా, "నాకూ ఆ పేరు తియ్యగానే ఉండేదక్కా. అబద్ధం చెప్పను. అందరూ ఈ చేతిని పట్టుకుని చూసేవాళ్ళు. ఇందులో ఏముంది? ఏమీ లేదు. ఉన్నదంతా నీ డబ్బాలోనే ఉంది."

తాడిదన్నేవాడుంటే తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. ఇరవై ఏళ్ళుగా తను ఎవరి నోరు కొడుతున్నానని మురిసిపోయిందో, ఆ మనిషికి రొట్టె విరిగి నేతిలో పడుతూ వచ్చింది. తను ప్రాణం పెట్టి పెంచినవన్నీ ఊళ్ళోకెళ్ళి చచ్చాయి. తను కచ్చతో పెంచినవన్నీ బతికాయి. పెద్దామెకు చెంప మీద కొట్టాలనిపించింది. ఎవరి చెంప మీదో తెలియలేదు. చేతిలోని ట్రేను తీసుకెళ్ళి మిగతా వాటి పక్కన జాగ్రత్తగా దించింది.

నాలుగింటికి వ్యాను వచ్చింది. దాని వెనకే ఓనరు స్కూటర్ మీద వచ్చాడు. ట్రేలు ఎక్కిస్తుంటే చూసి పెదవి విరిచాడు. "ఇవా? ఇంతకన్నా మంచివి లేవా?" అని, మళ్ళీ తనే సర్దుకున్నాడు. "సరేలే, చిన్నామె చేతిలో పడ్డాక ఏదైనా ఒకటే. చచ్చినవి కూడా లేస్తాయి. ఏమంటావు పెద్దామ్మా? ఈ గేటు దగ్గర ఇక ఆ చెయ్యి లేదు, ఎలాగో ఏమో."

అదిగో, అడిగాడు. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి అడిగాడు. పెద్దామె నోరు తెరిచింది. ఆ చెయ్యి నాదేనండి, ఇరవై ఏళ్ళూ నాదే. ఒక్క మాట. అంటే తర్వాత ఎలా అని అడుగుతాడు. ఎలాగో చెప్పాలంటే డబ్బా తెచ్చి చూపించాలి. చిల్లులెందుకు మూశావంటే ఏం చెబుతుంది? చిన్నామె వ్యాను పక్కన నిలబడి ఆమె వైపే చూస్తోంది. ఆపే చూపు కాదు. చెబితే చెప్పు అన్నట్టే ఉంది.

దొంగకు తేలు కుట్టినట్టయింది పెద్దామెకు. "అవునండి" అంది. "ఆ చెయ్యి అలాంటిది."

చిన్నామె తల దించుకుంది. కాసేపటికి దగ్గరికొచ్చి విత్తనాల గది తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టింది. "వెళ్ళొస్తానక్కా" అంది.

"ఊ" అంది పెద్దామె. "ఆ కిటికీ కింద బిళ్ళగన్నేరు వెయ్యి. తూర్పు ఎండ పడుతుంది."

ఏ కిటికీ అని చిన్నామె అడగలేదు. వ్యానెక్కి, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వ్యాను గేటు దాటి, మలుపు దగ్గర కాస్త ఆగి, వెళ్ళిపోయింది. దాని వెనకే ఓనరు కూడా వెళ్ళాడు. గేటు దగ్గర ట్రేలు పెట్టిన చోట తడి చదరాలు మిగిలాయి. పెద్దామె చూస్తుండగానే అవి ఆరిపోయాయి.

సాయంత్రం నీళ్ళ వేళయింది. ఆమె తన వరస మీది గోనెపట్టా లాగింది. పొద్దున్న ముద్దొచ్చిన మొక్కలు ఇప్పుడు చూస్తే మంచాన పడ్డవాళ్ళకు తలంటి కూర్చోబెట్టినట్టున్నాయి. ఎదుటి వరస ఖాళీ. ఖాళీగా ఉన్నా కంటికి అదే ముందు కనిపించింది. అక్కడ కొత్త ఇంట్లో ఈపాటికి తూర్పు కిటికీ తీసి ఉంటుంది. కడుపులో మంట ఏమీ తగ్గలేదు. ఇంత తెలిశాక తగ్గాలి కదా, తగ్గలేదు.

మేకు మీది పాత డబ్బా అందుకుంది. ఇది ఇలా ఉండకూడదు. రేపు ఎవరి కంటైనా పడితే నవ్వుతారు. జడలోంచి పిన్ను తీసి, తన ఇరవై ఏళ్ళ కొవ్వొత్తిని పొడిచి తీసేద్దామని, డబ్బాను వెలుతురు వైపు తిప్పి మూతిని మొదటిసారి సూటిగా చూసింది.

కొవ్వొత్తి లేదు. ఉండే వీలు కూడా లేదు. ఆ ఎండలకు రేకు కాలి, మొదటి వేసవికే మైనమంతా కారిపోయి ఉంటుంది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఆమెకు తట్టనే లేదు. కారిపోయిన ప్రతి చిల్లునీ ఎవరో మళ్ళీ మూశారు. ఒకసారి కాదు, ఏటేటా మూశారు. కింది పొర నల్లబడి, దాని మీది పొర ముదురెరుపై, పై పొర ఎర్రగా ఉంది.

పెద్దామె తొట్టి గట్టు మీద కూర్చుంది. తను చేసిన పాపమైనా పూర్తిగా తనదే అనుకుంది. అందులో కూడా సగం ఆమే తీసేసుకుంది.

చాలాసేపటికి లేచింది. పిన్ను మళ్ళీ జడలో పెట్టుకుంది. ఆ డబ్బానే తొట్లో ముంచి, తన వరస మీద పోసుకుంటూ నడిచింది. ఆగాలని, వంగాలని, మట్టి తడిసిందో లేదో చూడాలని ప్రతి మొక్క దగ్గరా ప్రాణం పీకింది. చివరిదాకా ఆగకుండా నడిచింది.

తర్వాత డబ్బాను మేకుకు తగిలించి, గేటుకు తాళం వేసి, ఒక పక్కకు ఒరిగి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. డబ్బా మూతిన తెరిచి ఉన్న నాలుగు చిల్లుల్లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి; మిగతా వాటి మీద ఎర్ర లక్క, లక్క మీద బొటనవేలి అచ్చులు, ప్రతి అచ్చుకూ అడ్డంగా ఒక సన్నటి గీత, అందులో ఒకటి ఈ ఉదయమే వేసినట్టు ఇంకా మెరుస్తోంది.